వాచీ డిపాజిట్టు

ఆ కాగితం రాసింది నేనే. 1984 జూన్ నెల. రేపల్లె దగ్గర ఒక పల్లెటూరి బ్రాంచిలో గుమాస్తాగా చేరి నాకు మూడేళ్ళయింది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు చీటీ పాడుకున్న డబ్బులో మూడువేలు రుమాల్లో కట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టారు.

"అమ్మాయ్, మా అమ్మ పేరు మీద ఇది ఫిక్స్‌డ్‌లో వెయ్యి. అసలు ఎవరూ ముట్టుకోకూడదు. ఏటా వచ్చే వడ్డీతో పదోతరగతిలో ఫస్టు వచ్చినవాళ్ళకి హెచ్చెమ్‌టీ వాచీ కొనివ్వాలి. అలా రాసిపెట్టు" అన్నారు.

అప్పుడు వడ్డీ పదిశాతం. ఏడాదికి మూడొందలు. దాంతో మంచి చేతిగడియారమే వచ్చేది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని షరతుల కాగితం నాచేతే రాయించారు. "హెచ్.ఎం.టి. చేతిగడియారము తప్ప మరే ఇతర వస్తువును ఇవ్వరాదు" అని రాశాను. అందులో 'మరే ఇతర' అన్నది మాస్టారు చెప్పిన మాట కాదు, నేను కలిపింది. పకడ్బందీగా ఉంటుందనుకున్నాను. మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి, "బాగుందమ్మా" అని సంతకం పెట్టారు.

ఆ డిపాజిట్టు ఇంకా ఉంది. మూడువేలు మూడువేలుగానే ఉన్నాయి. ఇప్పుడు వడ్డీ ఏడాదికి రెండొందల పైన ఓ పది రూపాయలు వస్తే గొప్ప. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రప్రభుత్వం 2016లో నిర్ణయించింది. కొన్నాళ్ళు హెడ్మాస్టర్లు తలా కొంత జేబులోంచి వేసుకుని ఎక్కడో పాత సరుకు వెతికి వాచీ ఇచ్చారు. తర్వాత అదీ ఆగింది. వడ్డీ స్కూలు పేరు మీదున్న సేవింగ్స్ ఖాతాలో చేరుతూ ఉంది. తీసే హక్కున్నవాళ్ళకి వాచీ తప్ప ఏదీ కొనే వీల్లేదు, కొనడానికి వాచీ లేదు. పదేళ్ళపాటు ఎవరూ కదిలించని ఖాతాల్లో డబ్బు రిజర్వుబ్యాంకు 2014లో పెట్టిన నిధికి వెళ్ళిపోతుంది. అక్కడికి పోయినా పోయినట్టు కాదు, అడిగితే తిరిగి ఇస్తారు. అడిగే మనిషి ఉండాలి అంతే.

ముప్ఫై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఇలాంటివి ఎన్ని చూశానో! పాత బస్టాండులో వేసవి మూడు నెలలూ మజ్జిగ పొయ్యమని ఒకాయన పెట్టిన డిపాజిట్టు ఉండేది. బస్టాండు బైపాసు రోడ్డుకి మారిపోయింది. షరతు మాత్రం పాత బస్టాండు దగ్గరే ఉండిపోయింది. ధర్మం చేసినవాళ్ళ మనసు చల్లనిదే, రాసిన కాగితమే గట్టిది. ఇది మన ఊళ్ళ రాత అనుకుంటూ రిటైరయ్యాను. మన ఒక్కళ్ళదే కాదని, దీనికి విరుగుడు ఆలోచించినవాడు నాలాంటి బ్యాంకు మనిషేననీ క్లీవ్‌లాండ్ వెళ్ళాక తెలిసింది.

మా అమ్మాయి వాళ్ళుండేది ఒహాయో రాష్ట్రంలోనే, కొలంబస్‌లో. క్లీవ్‌లాండ్ అంటే మనవాళ్ళకి త్యాగరాజ ఆరాధన. 1978 నుంచీ ఏటా ఈస్టరు రోజుల్లో జరుగుతోంది. పంచరత్నాలు వినడానికి నన్ను తీసుకెళ్ళారు. మధ్యాహ్నం విరామంలో అమ్మాయి యూక్లిడ్ ఎవెన్యూలో బస్సెక్కించి, "అమ్మా, నీకొక బ్యాంకు చూపిస్తా" అంది. తొమ్మిదో వీధి మూల మీద దిగాం. రాతి స్తంభాల పెద్ద భవనం. లోపలికి అడుగుపెడితే కూరల వాసన, కాఫీ వాసన! అది హైనెన్స్ అనే కిరాణా దుకాణం. 2015 నుంచి అక్కడ నడుస్తోంది.

తలెత్తి చూశాను. పైన రంగు గాజు గుమ్మటం. నీలం, పచ్చ, బంగారు రంగు ముక్కలు పొదిగి ఉన్నాయి. దాని కింద గుండ్రంగా అంతస్తులు, కమ్ములు పట్టిన వరండాలు. గోడల పైభాగాన అమెరికా నాగరికత కథ చెప్పే వర్ణచిత్రాలు. వాటిని వేసిన ఫ్రాన్సిస్ మిల్లెట్ 1912లో టైటానిక్ ఓడలో చనిపోయాడు. ఒకప్పుడు క్యాషియర్లు కూర్చున్న హాల్లో ఇప్పుడు వండిన కూరలు గిన్నెల్లో పెట్టి అమ్ముతున్నారు. బ్యాంకులో బతుకంతా గడిపినదాన్ని, కళ్ళు చెమర్చాయి. మేడ మీద బల్ల దగ్గర కూర్చుని, ఎవరిదీ బ్యాంకు అని అడిగాను. క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అంది అమ్మాయి. 1908లో ఆ బ్యాంకుకి అధ్యక్షుడైనవాడి పేరు ఫ్రెడరిక్ హారిస్ గాఫ్. ఇల్లు చేరాక నెలరోజులు అతని వెంట పడ్డాను.

గాఫ్ అసలు వృత్తి వకాల్తా. బ్యాంకులో అతని చేతికొచ్చిన పని ట్రస్టుల వ్యవహారం. కలిగినవాళ్ళు వీలునామా రాసి, ఆస్తి బ్యాంకు చేతిలో పెట్టి, ఫలానా పనికి ఏటా ఖర్చుపెట్టండి అని చెప్పి పోయేవారు. ఇరవై, ముప్ఫై, యాభై ఏళ్ళు గడిచేసరికి ఆ ఫలానా పనే లోకంలో ఉండేది కాదు. ఇంగ్లండులో సర్ ఆర్థర్ హాబ్‌హౌస్ ఈ సంగతి మీదే 'ది డెడ్ హ్యాండ్' అనే పుస్తకం రాశాడు. పోయినవాళ్ళ చెయ్యి బతికున్నవాళ్ళ మెడ మీద ఉండటం అన్నమాట. గాఫ్ ఆలోచనకి ఆ పుస్తకం ఊతమైంది.

ఉదాహరణలకి కొదవ లేదు. సెయింట్ లూయిస్ నగరానికి మేయరుగా చేసిన బ్రయన్ ముల్లన్‌ఫీ 1851లో పోతూ తన ఆస్తిలో మూడోవంతు పేద బాటసారులకి రాశాడు. పశ్చిమానికి బండ్లు కట్టుకుని కాపురాలకి వెళ్తూ ఆ ఊళ్ళో ఆగేవాళ్ళకి సాయం చెయ్యమన్నాడు. పట్టాలు పడ్డాయి. జనం రైలెక్కి నేరుగా వెళ్ళిపోయారు. డబ్బు మిగిలింది, బాటసారులు మిగల్లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు 1790లో పోతూ బోస్టన్‌కీ ఫిలడెల్ఫియాకీ చెరో వెయ్యి పౌన్లు వదిలాడు. గురువు దగ్గర పని నేర్చుకుని పెళ్ళి చేసుకున్న పాతికేళ్ళలోపు చేతిపనివాళ్ళకి అయిదుశాతం వడ్డీకి అప్పులివ్వమన్నాడు. రెండొందల ఏళ్ళకి లెక్క కట్టి మరీ రాశాడు. ఫ్యాక్టరీలు వచ్చి ఆ గురుశిష్య పద్ధతే పోయింది. అంత దూరదృష్టి ఉన్నవాడికే చిక్కని భవిష్యత్తు రేపల్లె బ్రాంచిలో గుమాస్తాకి ఏం చిక్కుతుంది!

ముల్లన్‌ఫీ సంగతి చదువుతుంటే నాకు మన సత్రాలు గుర్తొచ్చాయి. కాశీకీ పూరీకీ నడిచి వెళ్ళేవాళ్ళ కోసం మన పెద్దలు దారి పొడుగునా సత్రాలు కట్టించి, వాటికి మాన్యాలు రాసిచ్చారు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనలు లేచాయి. ఇక నడిచేదెవరు?

1914 జనవరి 2న గాఫ్ తన బ్యాంకు డైరెక్టర్లచేత ఒక తీర్మానం చేయించాడు. క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ పుట్టింది అప్పుడే. ఊరి పేరు మీద ఇలాంటి ఉమ్మడి ధర్మనిధి ప్రపంచంలో అదే మొదటిది. దీన్ని కమ్యూనిటీ ఫౌండేషన్ అంటారు. బ్యాంకు భాషలో కాకుండా చెబితే సంగతి ఇది. ఎవరైనా, ఎంతైనా, ఊరి బాగు కోసం ఒకే పెద్ద నిధిలో వెయ్యవచ్చు. అసలును బ్యాంకు కాపాడుతుంది, పెట్టుబడి పెడుతుంది. వచ్చే రాబడిని ఎవరికివ్వాలో బ్యాంకు చెప్పదు, దానికి వేరే కమిటీ ఉంటుంది. ఆ కమిటీ ఆస్పత్రి నడపదు, బడి నడపదు. నడిపేవాళ్ళ అర్జీలు చూసి గ్రాంటులిస్తుంది. దాత నా డబ్బు ఫలానా పనికే అని రాసుకోవచ్చు, ఆ మాట గౌరవిస్తారు. కానీ ఆ పని అక్కరలేనిదైన రోజున, చెయ్యలేనిదైన రోజున, అప్పటి కమిటీ ఆ డబ్బును దగ్గరి మరో పనికి మళ్ళించవచ్చు. కోర్టుకెక్కి సంవత్సరాలు తిరగనక్కరలేదు. నేను 1984లో రాయకుండా వదిలేసింది సరిగ్గా ఆ ఒక్క వాక్యమే.

మరి ఆ కమిటీని నమ్మడమెలా? ఈ ప్రశ్న దగ్గర గాఫ్ చాలా జాగ్రత్తపడ్డాడు. అప్పట్లో అయిదుగురు సభ్యులు. ఇద్దరిని బ్యాంకు ఎంచేది. ఒకరిని మేయరు, ఒకరిని వీలునామాల కోర్టు జడ్జి, ఒకరిని ఆ జిల్లా ఫెడరల్ జడ్జి ఎంచేవారు. పదవిలో ఉన్నవాళ్ళూ, పదవికి పోటీపడేవాళ్ళూ పనికివచ్చేవారు కాదు. ఒకే మతశాఖ నుంచి ఇద్దరికి మించి ఉండకూడదు. ఊరి అవసరాలు తెలిసినవాళ్ళయి ఉండాలి. మన దేవస్థానాలకీ స్కూలు కమిటీలకీ సభ్యుల్ని వేసే పద్ధతి ఎరిగినవాళ్ళకి ఈ నిబంధనలు ఎందుకు ముద్దొస్తాయో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో బ్యాంకు లాభం లేదా? ఉంది. ఆస్తులు ఆ బ్యాంకుకే చేరతాయి కదా. మొదట్లో ఇతర బ్యాంకులు దీనికి దూరంగానే ఉన్నాయి. డిపాజిట్ల సేకరణ అంటే ఏమిటో తెలిసినదాన్ని, ఆ అనుమానం నాకూ కలిగింది. తర్వాత ఏళ్ళలో ఎన్నో ఊళ్ళు ఒక బ్యాంకుకి కట్టుబడకుండా చాలా బ్యాంకులు కలిసి నిధిని చూసే పద్ధతి పెట్టుకున్నాయి. అదే మంచిదని నా అభిప్రాయం. అయినా గాఫ్ తర్వాత చేసిన పని చూస్తే అతని మనసు మీద నాకు అనుమానం పోయింది.

ఎందుకంటే ఫౌండేషన్ పుట్టేనాటికి దాని దగ్గర డబ్బు లేదు. వీలునామాలు రాసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళు నూరేళ్ళూ ఉండాలి కూడా. చేతిలో పైసా లేని ధర్మనిధి ఏం చేస్తుంది? గాఫ్ ఊరిని చదవడం మొదలుపెట్టించాడు. ఆ ఖర్చు తానే తలకెత్తుకున్నాడు. ఊళ్ళో పేదలకి సాయం చేసే సంస్థలు ఏం చేస్తున్నాయో మొదట చూశారు. తర్వాత 1915లో బళ్ళ మీద పడ్డారు. అప్పటి క్లీవ్‌లాండ్ చిన్న ఊరు కాదు, జనాభా లెక్కల్లో అమెరికాలో ఆరోది. ఉక్కు, నూనె, యంత్రాలు, వాటి వెంట ఐరోపా నుంచి వచ్చిన వలస జనం.

బళ్ళ సర్వేకి లెనార్డ్ అయర్స్ అనే లెక్కల మనిషిని పిలిపించారు. సర్వే కమిటీకి న్యాయసలహాదారు జేమ్స్ గార్‌ఫీల్డ్, హత్యకు గురైన అమెరికా అధ్యక్షుడి కొడుకు. నివేదిక ఒక లావుపాటి పుస్తకంగా వేసి బీరువాలో పెట్టలేదు. 25 చిన్న పుస్తకాలు చేశారు. చాలావాటి వెల 25 సెంట్లు, పెద్దవి మూడింటికి 50 సెంట్లు, పోస్టు ఖర్చు కూడా అందులోనే. జీతగాడు కొనుక్కుని సాయంత్రం ఇంట్లో చదువుకోవాలని. వాటి ప్రతులు ఇప్పటికీ దొరుకుతున్నాయి, నేను కొన్ని తిరగేశాను. పేర్లు చూస్తేనే తెలుస్తుంది ఎంత దగ్గరికెళ్ళి చూశారో. బడి ఆరోగ్య పరీక్షల మీద ఒకటి. కిక్కిరిసిన బళ్ళ మీద ఒకటి. ఇంటిపనుల చదువు, బళ్ళో మధ్యాహ్న భోజనం మీద ఒకటి. వలస పిల్లల మీద ఒకటి. బడి మానేసిన పిల్లలు ఏ పనుల్లో చేరుతున్నారని అచ్చాఫీసులకి, బట్టల ఫ్యాక్టరీలకి, ఆడవాళ్ళ టోపీలు కుట్టే చోట్లకి, రైల్వేలకి, పెద్ద దుకాణాలకి విడివిడిగా ఒక్కో పుస్తకం.

బట్టల పనివాళ్ళ పుస్తకం తెరిచి చాలాసేపు ఆగిపోయాను. ఏ మిషను మీద ఎవరు కూర్చుంటారు, ఏడాదిలో ఎన్నాళ్ళు పని ఉంటుంది, ఎంత కూలి వస్తుంది, బడి నేర్పే కుట్టుపని అక్కడ పనికొస్తుందా అని ఒక్కొక్కటీ అడిగి రాసిపెట్టారు. నేను ఎన్నో ఊళ్ళలో మహిళలకి కుట్టుమిషన్ల అప్పులు మంజూరు చేశాను. ఆ ఊళ్ళో కుట్టించుకునేవాళ్ళు ఎంతమంది అని నేను ఒక్కసారీ అడగలేదు. టార్గెట్ పూర్తయిందా లేదా అనే చూశాను. కొన్ని మిషన్ల మీద తర్వాత గిన్నెలు బోర్లించి ఉండటం నా కళ్ళారా చూసి కూడా అడగలేదు.

1921లో ఇంకా పెద్ద సాహసం చేశారు. అంతకుముందు ఏడాది ఆ నగర మున్సిపల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తే ఒక కాల్పుల కేసులో చిక్కుకున్నాడు. హత్య నేరం రుజువు కాలేదు గానీ చివరికి అబద్ధపు సాక్ష్యం నేరం కింద శిక్ష పడింది. ఊరికి న్యాయం మీదే నమ్మకం సడలిన సమయం. హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యులు రాస్కో పౌండ్‌నీ, తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌నీ పిలిచి, పోలీసు నుంచి జైలు దాకా మొత్తం తిరగవేయించారు. 1922లో అది పుస్తకమై వచ్చింది. ఇంటి చెత్త తామే ఊడ్చి వాకిట్లో పోసుకోవడానికి ఎంత గుండె కావాలి!

గాఫ్ 1923 మార్చిలో పోయాడు. అదే ఏడాది నవంబరులో మన బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. బ్యాంకు అంటే ఊరి సొత్తు అని నమ్మిన ఇద్దరు మనుషుల్ని ఒకే ఏడు పక్కపక్కన చూడటం నాకు ఇష్టమై రాశాను.

ఆ ఆలోచన వేగంగా పాకింది. 1915కల్లా చికాగో, బోస్టన్ అందుకున్నాయి. 1921లో కెనడాలో విన్నిపెగ్ అందుకుంది. అక్కడ అలోవే అనే బ్యాంకరు లక్ష డాలర్లతో మొదలుపెట్టాడు, మరుసటి ఏడు మొదటి గ్రాంటులుగా 6,000 డాలర్లు పంచారు. 1924లో ఆ ఆఫీసుకి ఒక కవరు వచ్చింది. అందులో అయిదేసి డాలర్ల బంగారు నాణాలు మూడు. పంపినవాళ్ళ పేరు లేదు. 'విధవరాలి కానుక' అనే అర్థం వచ్చే రెండు మాటలు మాత్రం రాసి ఉన్నాయి. లక్ష డాలర్లూ ఆ పదిహేనూ ఒకే నిధిలో కలిశాయి. ఆమె ఎవరో ఈనాటికీ తెలియదు. మన దేశంలో 1991లో ముంబైలో ఇలాంటి ట్రస్టు మొదలైంది. డబ్బు లేకుండా పుట్టిన ఆ క్లీవ్‌లాండ్ నిధి ఇప్పుడు రెండొందల కోట్ల డాలర్లు దాటింది.

ఇండియా వచ్చిన వారానికే తెనాలి వెళ్ళాను. మాస్టారికి ఎనభై ఆరేళ్ళు. కొడుకు ఇంట్లో అరుగు మీద పడకకుర్చీలో ఉన్నారు. చూపు తగ్గింది గానీ గొంతు బట్టి పోల్చుకున్నారు. నా 1984 నాటి కాగితం నకలు చదివి వినిపించాను. 'మరే ఇతర వస్తువును ఇవ్వరాదు' దగ్గర నా గొంతు తడబడింది. అది నేను కలిపిన మాటని చెప్పాను.

"నువ్వు కలిపితే మాత్రం, సంతకం పెట్టింది నేను కాదూ?" అన్నారు. కాసేపాగి, "వాచీ ఎందుకు పెట్టానో తెలుసా? మా ఇంట్లో గడియారం లేదు. ఎస్సెస్సెల్సీ లెక్కల పరీక్షకి మా అమ్మ నీడ చూసి టైము చెప్పింది. ఆరోజు మబ్బు. అరగంట ఆలస్యంగా వెళ్ళాను. అది తన తప్పేనని అమ్మ చచ్చేదాకా ఏడ్చేది" అన్నారు.

నలభై ఏళ్ళలో ఈ సంగతి ఎవరూ అడగలేదు. కౌంటరు ఇవతల కూర్చున్న నేనూ అడగలేదు.

"ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి మాస్టారూ. పరీక్షకి ఆలస్యమయ్యేది టైము తెలియక కాదు, లంక ఊళ్ళ నుంచి పొద్దున్న ఆటో దొరక్క" అన్నాను.

"అయితే ఆటోకిద్దాం."

"ఇప్పుడు ఆటో అని రాస్తే, రేపు బస్సొస్తే?"

ఆయన నవ్వారు. బోర్డు మీద లెక్క పిల్లవాడు సరిగ్గా చేసినప్పుడు నవ్వే నవ్వు. నేను తెచ్చిన కొత్త కాగితం మీద, పరీక్ష రాసే పిల్లలకి అడ్డొచ్చేది ఏదైనా ఉంటే దానికి ఈ వడ్డీ వాడాలనీ, అదేమిటో ఏటా కమిటీ కనుక్కోవాలనీ రాసుకున్నాం. నేనూ ఇంకొందరు పాత విద్యార్థులూ కలిపే డబ్బుకి కూడా ఇదే షరతు.

"కమిటీలో ఎవరు?" అన్నారు మాస్టారు.

హెడ్మాస్టరు ఒకరు, బ్రాంచి మేనేజరు ఒకరు. పార్టీల్లో ఉన్నవాళ్ళు వద్దు అన్నాను. సరే అన్నారు. ఇద్దరూ ఉద్యోగాల్లో వచ్చి పోయేవాళ్ళే, ఊరివాళ్ళు ఎవరమ్మా అన్నారు. పూర్వ విద్యార్థి ఒకరిని రాశాం.

"అందరూ మగాళ్ళే అవుతారేమో చూడు. ఫస్టొచ్చేదేమో ఆడపిల్లలు. వాళ్ళ ఇళ్ళల్లోకి వెళ్ళి ఏం ఇబ్బందో అడగగలిగేది ఎవరు?"

క్లీవ్‌లాండ్ సర్వే కమిటీలో మిర్టా జోన్స్ అనే ఆవిడ పేరు చదివిన గుర్తు. ఆ మాట చెప్పాను. నాలుగో గీత ఖాళీగా వదిలి, కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్న రేపల్లె బస్సెక్కి, అంగన్‌వాడీ టీచరు పిల్లలకి పాలు పోసే వేళకి ఊళ్ళో దిగాను.